"రెఫరెన్స్ ఎవరు సార్?": అమీర్‌పేట సీ కోచింగ్‌కి ఒక పోస్ట్‌మ్యాన్ రివ్యూ

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. మెచ్చుకునేవి ఎన్ని ఉన్నాయో తిట్టుకునేవీ అన్ని ఉన్నాయి, పేరు పెట్టి గొడవ తెచ్చుకునే ఓపిక నాకు లేదు. అమీర్‌పేట, మైత్రీవనం వెనక సందులు, మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది, పనిచేయదు. ఈ గుర్తులతో వెతికితే కనీసం పాతిక దొరుకుతాయని నాకూ తెలుసు.

నేను పోస్ట్‌మ్యాన్‌ని. బోయిన్‌పల్లి వైపు బీటు, 27 ఏళ్ల సర్వీసు. మావాడికి బీటెక్ మొదటి ఏడాది సీ లాంగ్వేజ్ పోయింది. కారణం అడిగితే "పాయింటర్స్ నాన్నా" అన్నాడు, ఎవరో మనిషి పేరు చెప్పినట్టు. సప్లిమెంటరీకి మూడు నెలలు టైముంది. ప్యారడైజ్‌లో మెట్రో ఎక్కి వాడిని తీసుకెళ్ళి చేర్పించాను. దింపేసి వచ్చేస్తే వాడు మెట్లెక్కుతాడో, ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆగిపోతాడో నమ్మకం లేదు. అందుకని నేనూ వెనక కూర్చుంటానన్నాను. కుర్చీ ఖాళీ ఉంటే కూర్చోండి, ఫీజు అక్కర్లేదు అన్నారు సార్. అలా 8 ఆదివారాలు నేను కూడా సీ నేర్చుకున్నాను.

చేరేటప్పుడు రిసెప్షన్‌లో ఫారం ఇచ్చారు. పేరు, కాలేజీ, ఫోన్, చివర్లో 'రెఫరెన్స్' అని ఒక గడి. "రెఫరెన్స్ ఎవరు సార్? పాత స్టూడెంట్ పేరు రాస్తే మూడొందలు తగ్గుతుంది" అంది కౌంటర్‌లో అమ్మాయి. మా ఆఫీసులో సార్టింగ్ చూసే ఆయన మేనల్లుడు ఇక్కడే చదివాడు. వాడి పేరు రాశాను. ఆ అమ్మాయి కంప్యూటర్లో వెతికి "ఈ పేరుతో ఎవరూ లేరు సార్" అంది. సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు పాత బ్యాచుల లిస్టు పోయిందట. మనిషి ఉన్నాడు, వీళ్ళ దగ్గరే చదివాడు, గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు. వీళ్ళ లెక్కలో మాత్రం లేడు. మూడొందలు తగ్గలేదు. రెండువేల ఐదొందలు కట్టాను, మెటీరియల్ జిరాక్స్‌కి ఇంకో నూట ఇరవై.

గది గురించి ఎక్కువ చెప్పను. నలభై మంది పట్టే చోట అరవై మంది. ఒక ఏసీ, దాని గాలి ముందు రెండు వరసలకే. బోర్డు మార్కరు సగం క్లాసుకే ఎండిపోతుంది. మొదటి మూడు ఆదివారాలు ఇఫ్‌లు, లూపులు, ఫంక్షన్లు. బాగానే చెప్పారు, యూట్యూబ్‌లో దొరికేదే.

నాలుగో ఆదివారం కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

'పాయింటర్స్' అని బోర్డు మీద రాయగానే ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "సార్, దీన్ని చాయిస్‌లో వదిలేయొచ్చా?" సార్‌ది పలాస. ముప్పై అయిదేళ్లుంటాయేమో. "వదిలేద్దువు గానిలే గానీ, ముందు నువ్వుండే హాస్టల్ ఎక్కడో చెప్పమ్మా" అన్నారు. ఎస్సార్ నగర్ మెట్రో దిగి, బేకరీ పక్క సందులో, గులాబీ రంగు బిల్డింగ్. ఇంకొకడిది హనుమాన్ గుడి వెనక. ఇంకొకడిది ట్రాన్స్‌ఫార్మర్ ఎదురుగా. పది మంది చెప్పారు, ఒక్కరూ డోర్ నంబర్ చెప్పలేదు. (రోజూ నా ప్రాణం తీసేది ఇదే.) సార్ అన్నీ బోర్డు మీద రాసి, "ఇందులో ఇల్లేది?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. "ఇది ఇల్లు కాదర్రా, ఇంటికి దారి. ఈ చీటీ చింపేస్తే హాస్టల్ కూలదు. హాస్టల్ కూలితే ఆ సంగతి ఈ చీటీకి తెలీదు."

ఇన్నేళ్ల సర్వీసులో నా ఉద్యోగం గురించి ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు.

తర్వాత గళ్ళు గీశారు. ఒక గడికి 'వయసు' అని పేరు, లోపల 19, కింద దాని నంబరు 65524. పక్కన ఇంకో గడి, పేరు 'పి', లోపల 65524. అంతే, అదే పాయింటర్. మనిషిని పెట్టుకోదు, మనిషి ఉండే చోటు నంబరు రాసి పెట్టుకుంటుంది. పి అనే గడికీ కింద సొంత నంబరు రాశారు, 65522. "పోస్ట్‌మ్యాన్‌కి కూడా ఒక ఇల్లుంటుంది కదా బాబాయ్" అని నా వైపు చూశారు. మావాడు తల దించుకున్నాడు గానీ, వాడికి కాలేజీలో తెగని చిక్కు అదేనట: పి లోపల ఉన్న నంబరు వేరు, పి ఉండే చోటు నంబరు వేరు.

స్టార్ గుర్తు సంగతి కూడా అక్కడే తేలింది. డిక్లేర్ చేసేటప్పుడు, అంటే ఫలానా గడి కావాలని ముందు చెప్పుకునేటప్పుడు స్టార్ పెడతారు, వాడేటప్పుడూ స్టార్ పెడతారు. ఒకే గుర్తు రెండు పనులు చేస్తుంటే పిల్లలు తికమకపడక ఏం చేస్తారు? సార్ ఒక చిట్కా చెప్పారు. 'ఇంట్ స్టార్ పి' అన్న లైనుని "స్టార్ పి అనేది ఒక ఇంట్" అని చదవమన్నారు. అంటే పి దగ్గరున్న అడ్రసుకి వెళ్ళి తలుపు కొడితే లోపలి నుంచి ఒక పూర్ణాంకం బయటికొస్తుంది. డిక్లరేషన్‌ని వాడకంలాగే రాయాలన్నది ఆ భాష చేసినవాళ్ళు కావాలని పెట్టుకున్న పద్ధతేనట. అది చెప్తే అయిపోయేదానికి మా కాలేజీలో బట్టీ పట్టించారు అన్నాడు మావాడు ఇంటికొస్తూ.

ఒకటి కూడటం గురించి చెప్పినప్పుడు నేను గట్టిగా నవ్వాను, అందరూ వెనక్కి తిరిగి చూశారు. పాయింటర్‌కి 1 కూడితే నంబరు 1 పెరగదు. ఇక్కడి ల్యాబ్‌లో ప్రోగ్రాంలు రాసే పాత సాఫ్ట్‌వేర్ టర్బో సీలో 2 పెరుగుతుంది, మావాడి లాప్‌టాప్‌లో 4 పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఒక పూర్ణాంకం ఆక్రమించే చోటు అంత. ఒకటి కూడటమంటే ఒక ఇల్లు ముందుకు జరగడం, ఒక అడుగు కాదు. నా బీటులో ఒక ఇల్లు అరవై గజాలు, ఒక ఇల్లు వెయ్యి గజాలు. ఉత్తరాలు పంచేవాడికి రెండూ 'పక్కిల్లే'.

కీబోర్డు మీద కొట్టిన విలువని తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో 'అడ్రస్ ఆఫ్' గుర్తు మర్చిపోతే ఏమవుతుందో చెప్పిన తీరు ఇంకా బాగుంది. మనం వయసు ఎక్కడ రాయాలో చెప్పకుండా వయసే ఇచ్చేశాం. లోపల 19 ఉందనుకోండి, అది పాపం 19వ నంబరు ఇంటికి బయల్దేరుతుంది. ఫంక్షన్‌కి విలువ పంపడం, అడ్రస్ పంపడం మధ్య తేడాకి ఆధార్ జిరాక్స్ ఉదాహరణ చెప్పారు. జిరాక్స్ మీద పేరులో తప్పు పెన్నుతో దిద్దితే ఒరిజినల్ మారదు. రెండు అంకెలు తారుమారు చేసే ఫంక్షన్ బయటికొచ్చాక అంకెలు మళ్ళీ మామూలుగా కనిపించేది అందుకే. దిద్దింది జిరాక్స్‌ని.

విరామంలో నేను సార్‌కి ఒక సంగతి చెప్పాను. కొత్తలో మెదక్ వైపు ఒక ఊళ్లో చేశాను. ఒకింటికి మనియార్డర్ వచ్చింది, ఇంటాయన పొలం వెళ్ళాడు. సరైన ఇల్లో కాదో తేల్చుకుందామని "మీ ఆయన పేరేంటమ్మా" అని ముసలామెను అడిగాను. ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. "ఏడుకొండల మీదుంటడు చూడు, ఆ పేరే" అంది. నేను వెంకటేశ్వర్లా అన్నాను. కాదు. శ్రీనివాసా? కాదు. తిరుపతయ్య! అవునని తలూపింది. ఆమె మొగుడి పేరు చెప్పలేదు, దేవుణ్ణి చూపించింది. దేవుడేమో మొగుణ్ణి చూపించాడు. దారిలో నేను రెండు గుమ్మాలు తప్పు తట్టాను.

సార్ రెండో గంటలో 'పాయింటర్ టు పాయింటర్'కి ఇదే కథ చెప్పారు, నా పేరు మీదే. మావాడు ఈసారి తల దించుకోలేదు.

ఆలోచిస్తే మన భాషంతా ఇదే పని. చిన్నప్పుడు త్రికసంధి అని చదివాం గుర్తుందా? ఆ, ఈ, ఏ. దూరంగా ఉన్నదాన్ని చూపించేది ఒకటి, దగ్గరున్నదాన్ని చూపించేది ఒకటి, ఎటు చూపించాలో ఇంకా తేలనిది ఒకటి. అక్కడ, ఇక్కడ, ఎక్కడ. అతడు, ఇతడు, ఎవడు. మా ఆవిడ ఫోన్ చేసి "అది తెచ్చావా?" అంటుంది. 'అది' దేన్ని చూపిస్తోందో నేను కనుక్కోవాలి, తప్పు కనుక్కుంటే ఇంట్లో సెగ్మెంటేషన్ ఫాల్ట్.

ఆ మాట ల్యాబ్‌లో నేర్చుకున్నాను. ల్యాబ్ అంటే 12 సిస్టమ్స్, అందులో పనిచేసేవి 8. అన్నిట్లోనూ పాత టర్బో సీ, నీలం తెర, కంట్రోల్ ఎఫ్ 9 కొడితే రన్. 1990ల నాటి సరుకు ఇంకా ఎందుకంటే కాలేజీ ల్యాబుల్లోనూ అదే ఉందండీ అన్నారు. మావాడు పాయింటర్‌లో ఏ అడ్రసూ పెట్టకుండా నేరుగా స్టార్ పి లో 10 రాశాడు. నీలం తెరలో ప్రోగ్రాం చక్కగా నడిచి 10 అని చూపించింది. అదే ప్రోగ్రాం ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో నడిపితే 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని చచ్చింది. కోచింగ్‌లో వచ్చింది, ఇంట్లో రాలేదు, కాబట్టి లాప్‌టాప్ పాడైందని మావాడి తీర్పు.

మరుసటి ఆదివారం అడిగాం. పాత డాస్ కాలంలో ఒక ప్రోగ్రాం ఎవరి గడిలో చెయ్యి పెట్టినా ఆపేవాడు లేడు. వాచ్‌మన్ లేని కాలనీ. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టం గేటు దగ్గరే ఆపుతుంది, నీది కాని ఇంటి తలుపు తడితే ప్రోగ్రాంనే బయటికి గెంటుతుంది. "పది చూపించింది కదా సార్" అన్నాడు మావాడు. "చూపించింది. ఎవరి గదిలో రాశావో నీకు తెల్సేటి?" అన్నారు సార్.

ఈ సంగతి నాకు బాగా తెలుసు. తప్పుడు అడ్రస్‌తో వచ్చిన ఉత్తరాల్లో తిరిగొచ్చేసేవి మంచివి. 'నాట్ నోన్' అని రాసి వెనక్కి పంపిస్తాం, పంపినవాడికి తెలుస్తుంది. ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకునేవే ప్రమాదం. ఆ ఇంట్లో పాతవాళ్ళు ఖాళీ చేసి ఏడాదయ్యుంటుంది, కొత్తవాళ్ళ పిల్లాడు తలుపు తీసి సంతకం పెట్టేస్తాడు. పంపినవాడి లెక్కలో అది చేరిపోయింది. ఫ్రీ చేసిన, అంటే పనైపోయి తిరిగిచ్చేసిన మెమరీని చూపిస్తూ మిగిలిపోయే పాయింటర్‌కి 'డ్యాంగ్లింగ్' అని పేరు. నా బీటులో పాత పెంకుటిళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టిన ప్రతి వీధిలోనూ అవే. మూడొందలు తగ్గించని ఆ రెఫరెన్స్ గడి మాత్రం తిరగేసిన కేసు, ఇల్లు నిలబడే ఉంది, దారి రాసుకున్న చీటీనే పోగొట్టుకున్నారు.

నల్ పాయింటర్ గురించి నాకూ సార్‌కీ చిన్న వాదన జరిగింది. నల్ అంటే అడ్రస్ రాయని కవరు. టోనీ హోర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషకి ఈ ఖాళీ రెఫరెన్స్ పెట్టారట, పెట్టడం తేలికగా ఉందని. 2009లో ఆయనే దాన్ని తన 'బిలియన్ డాలర్ల పొరపాటు' అని ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోను అన్నాను. అడ్రస్ లేని కవరు నా చేతికొస్తే చూడగానే తెలుస్తుంది, పక్కన పెడతాను, అది రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకి పోతుంది. ఎవరికీ నష్టం లేదు. "మీరు చూస్తారు బాబాయ్. ఈ అరవై మందిలో చూసేవాడు ఒక్కడుండడు, చూడకుండానే తలుపు కొట్టేస్తారు" అన్నారు సార్. టర్బో సీ అయితే మరీను. ప్రోగ్రాం అంతా అయిపోయాక, చావు కబురు చల్లగా చెప్పినట్టు 'నల్ పాయింటర్ అసైన్‌మెంట్' అని ఒక లైను వేస్తుంది.

ఇంతవరకూ నాకు ఐదుకి ఐదే. గాడి తప్పింది ఏడో ఆదివారం.

మాలక్ (ప్రోగ్రాం నడుస్తుండగా మెమరీ అడిగి తీసుకోవడం), లింక్‌డ్ లిస్టులు ఒకే పూటలో లాగించేశారు. లింక్‌డ్ లిస్ట్ అంటే ఒక్కో ఇంట్లో తర్వాతి ఇంటి అడ్రస్ మాత్రమే ఉండే వీధి, మధ్యలో ఒక చీటీ పోతే అవతలి ఇళ్ళన్నీ గల్లంతు. ఇంత మంచి విషయానికి బొమ్మలే గీయలేదు, పీపీటీ వేశారు. నాలుగో వారం గీసిన మనిషేనా ఈయన అనిపించింది. పక్క గదిలో పైథాన్ బ్యాచ్ మొదలవుతోందని, ప్రొజెక్టర్ ఇచ్చేయాలని మధ్యలో రెండుసార్లు తలుపు కొట్టారు.

చివరి గంట 'బోనస్' అని సీ ప్లస్ ప్లస్ రెఫరెన్స్ గురించి చెప్పారు. "లోపల అదీ అడ్రసే, పాయింటరూ రెఫరెన్సూ ఒకటే అనుకోండి" అని ఒక్క మాటతో తేల్చేశారు. ఇది నాకు నచ్చలేదు. కంపైలర్ లోపల ఏం చేసుకుంటుందో గానీ, వాడేవాడికి రెండూ ఒకటి కావు. సార్ వదిలేసినా మావాడూ నేనూ మెట్రోలో కూర్చుని ఇలా తేల్చుకున్నాం. పాయింటర్ చీటీ, రెఫరెన్స్ ముద్దుపేరు. వాడికి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఇంట్లో చిన్నా. చిన్నాకి గుండు కొట్టిస్తే సర్టిఫికెట్ పేరుగలవాడికీ గుండే, ఇద్దరు లేరు కాబట్టి. చీటీ ఖాళీగా ఉండొచ్చు, కొట్టేసి ఇంకో అడ్రస్ రాసుకోవచ్చు. ముద్దుపేరు అలా కాదు, పెట్టేటప్పుడే ఎవరికి పెడుతున్నామో ఉండాలి. తర్వాత దాన్ని పక్కింటి పిల్లాడి మీదకి మార్చబోతే పేరు కదలదు, పక్కింటి పిల్లాడి విలువ వచ్చి మావాడి గడిలో కూర్చుంటుంది. మావాడు ఇంటికెళ్ళి రాసి చూశాడు, సరిగ్గా అదే జరిగింది.

వెనక వరసలో ఒకబ్బాయి మంచి ప్రశ్న అడిగాడు. "జావాలో పాయింటర్లు లేవంటారు కదా సార్, మరి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అని ఎందుకొస్తుంది?" క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి "దానికి జావా బ్యాచ్ ఉంది, పద్దెనిమిదో తారీఖు డెమో" అన్నారు. అమీర్‌పేట అంటే అమీర్‌పేటే. జవాబు కోసం ఇంకో ఐదువేలు ఎందుకని మావాడు తనే చదువుకుని నాకు చెప్పాడు. జావాలో రెఫరెన్స్ అంటే ముద్దుపేరు కాదట, చీటీయే. ఖాళీగా ఉండొచ్చు, వేరేదానికి మార్చుకోవచ్చు. కాకపోతే చీటీ మీద నంబరు మనకి చూపించరు, ఒకటి కూడనివ్వరు. ఒకే మాట రెండు భాషల్లో రెండు అర్థాలు. రిసెప్షన్ అమ్మాయి ఫారంలో ఉన్నది మూడోది.

ఇంకో చిన్న ముచ్చట. మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సీ భాషని ఒక రూపానికి తెచ్చిందీ ఇంచుమించు అప్పుడే. ఒకదానికొకటి సంబంధం ఏమీ లేదు. కానీ ఈ సంగతి చెప్తే మా ఆఫీసులో టీ ఇప్పించారు.

సర్టిఫికెట్ కోసం పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. తలుపుకి తాళం, దాని మీద 'ఆఫీసు పక్క బ్లాకుకి మారింది' అని కాగితం. పక్క బ్లాకులో ఇంకో కాగితం, 'సర్టిఫికెట్లకు రెండో అంతస్తు'. రెండో అంతస్తులో ఒక ఫోన్ నంబరు, చివరి మూడు అంకెలు చిరిగిపోయాయి. కింద టీ కొట్టతన్ని అడిగితే వేలితో చూపించాడు. ఇలాంటివి చిరాకు తెప్పిస్తాయి, మార్కులు కోసేది వీటికే.

మావాడు సప్లీ గట్టెక్కాడు, 58 వచ్చాయి. ఐదుకి మూడున్నర స్టార్లు ఇస్తున్నాను, ఈ స్టార్ వేరే. పాయింటర్లు మాత్రమే అర్థం కానివాళ్ళు అడిగితే నాలుగు, ఐదు వారాలకే కూర్చోనిస్తారు, వెయ్యి తీసుకుంటారు. లింక్‌డ్ లిస్టుల కోసమైతే వెళ్ళకండి. ఆదివారం బ్యాచ్ పదింటికి. తొమ్మిదిన్నరకే వెళ్తే ముందు రెండు వరసల్లో చోటు దొరుకుతుంది, ఏసీ తగులుతుంది. మార్కరు ఒకటి మీరే కొనుక్కెళ్ళి సార్‌కి ఇవ్వండి.